ఆరు గదులు, ఐదు తూటాలు

టెక్సాస్ రాష్ట్రములో స్థిరపడిన మా మేనల్లుడు, నేను వారి యింట అతిథిగా నున్న దినములలో ఒక ఆదివారము ఉదయమున, భోజనపు బల్లమీద పాత దుప్పటి పఱచి, దానిపై రెండు రివాల్వరులను ప్రక్కప్రక్కన పెట్టి, సిలిండరులు ఖాళీగా నున్నవని నాకు చూపి, “మామయ్యా, సాధనకని ఒకటి కొనాలి. ఎక్కువ ఖర్చు పెట్టలేను. మిత్రులిద్దరు తమవి ఇచ్చి చూడమన్నారు. చరిత్ర పుస్తకాలన్నీ చదువుతావు గదా, రెంటిలో ఏది తీసుకోమంటావు?” అని యడిగెను. అతడు ఒక సంవత్సరకాలముగా కౌబాయ్ యాక్షన్ షూటింగ్ అను క్రీడయందు మనసు నిలిపినవాడు. పోటీకై ఇటలీదేశపు రివాల్వరుల జతనొకదానిని కొనుటకు సొమ్ము కూడబెట్టుకొనుచున్నాడు. అంతవరకు చేతికి పని నేర్పుటకు ఒక చౌకయైన దానిని వెదకుచున్నాడు. ఆ రెండును చిన్నవగు .22 తూటాలను పేల్చునవే. ఒకటి హెరిటేజ్ సంస్థవారి రఫ్ రైడర్, రెండవది రూగర్ సంస్థవారి రాంగ్లర్. రూపున రెండును ఒక తల్లి బిడ్డలవలె నున్నవి. కాని వాటి వంశవృత్తాంతమును విచారించినచో, ఏది ఎవరికి తగునో ఆ వృత్తాంతమే చెప్పునని నాకు తోచినది. ఆ దినమున అతనికి చెప్పినదానిని, పిమ్మట చదివి తెలిసికొన్నదానిని కలిపి ఇక్కడ వ్రాయుచున్నాను.

మన పిల్లలు దీపావళికి రీలు తుపాకి పేల్చుట చూచినవారికి సింగిల్ యాక్షన్ అను మాట బోధపఱచుట కష్టముకాదు. ఆ ఆటవస్తువులో మీటను నొక్కినంతనే సుత్తి తనంత తాను లేచి పడును. సింగిల్ యాక్షన్ రివాల్వరులో నట్లుగాదు. ప్రతిసారియు బొటనవ్రేలితో సుత్తిని వెనుకకు లాగి నిలుపవలెను. అట్లు లాగుచున్నప్పుడే సిలిండరు ఒక గది మేర తిరిగి, క్రొత్త తూటాను గొట్టమునకు సరిగా ఎదుట నిలుపును. మీట చేయునది నిలిచిన సుత్తిని విడిచిపెట్టుట యను ఒక్క పనియే. కనుకనే దానికా పేరు కలిగినది. వ్రేలితో చేయవలసిన యీ పనియే యా క్రీడకు ప్రాణము. సాధన యంతయు ఆ బొటనవ్రేలికే.

ఈ యంత్రమునకు మూలపురుషుడు హార్ట్‌ఫర్డ్ నగరమున 1814లో జన్మించిన శామ్యూల్ కోల్ట్. అతడు 1836లో అమెరికా ప్రభుత్వమువలన హక్కుపత్రమును పొంది, న్యూజెర్సీలోని ప్యాటర్సన్ పట్టణమున కర్మాగారమును నెలకొల్పెను. కాని వస్తువు ఖరీదైనది, కొనువారు తక్కువ. 1842 నాటికి ఆ వ్యాపారము మూతపడినది. 1847లో టెక్సాస్ రేంజర్ల నాయకుడగు శామ్యూల్ వాకర్ కోరిక మేరకు ప్రభుత్వము వేయి రివాల్వరులకు పురమాయించినప్పుడు, కోల్టునకు సొంత కర్మాగారము సైతము లేక, ఎలీ విట్నీ కుమారుని కర్మాగారమున వానిని చేయించి యిచ్చినాడు. పిమ్మట హార్ట్‌ఫర్డులో యంత్రములపై ఒకే కొలతకు చేయబడిన భాగములతో వేలకొలది రివాల్వరులను తయారుచేయించి అతడు కోటీశ్వరుడై, 1862లో మరణించెను. ఆ తొలితరపు రివాల్వరులకు తూటా యను వస్తువు లేదు. ప్రతి గదిలోను మందు పోసి, గుండు దట్టించి, వెనుక చిన్న రాగిటోపీ తొడిగి పేల్చుకొనవలసియుండెను.

వెనుకనుండి లోహపు తూటాను దూర్చుటకు వీలుగా సిలిండరును ఆరపార తొలిచెడి పద్ధతికి 1855లో హక్కుపత్రము పొందినవాడు రాలిన్ వైట్. అతడు కొంతకాలము కోల్టు కర్మాగారముననే పనిచేసినవాడగుట విశేషము. ఆ హక్కు స్మిత్ అండ్ వెసన్ సంస్థ చేతికి పోయినది. 1869లో గడువు తీరువఱకు తక్కిన వారెవ్వరును అట్టి రివాల్వరును చేయ వీలులేకపోయెను. గడువు తీరినతోడనే కోల్టు కర్మాగారమువారు తొలుత చేసినది క్రొత్త ఆయుధము కాదు. మందుకూరెడి పాత రివాల్వరులకు సిలిండరును మార్చి తూటాల నిముడ్చుకొనునట్లు సరిచేయుట. చేతనున్న పాతదానిని పాఱవేయక పనికి తెచ్చుకొనుట యను మితవ్యయబుద్ధి ఈ వృత్తిలో మొదటినుండియు నున్నదని చెప్పుటకు ఇదియే సాక్ష్యము. తరువాత 1873లో వెలువడినది సింగిల్ యాక్షన్ ఆర్మీ అను సుప్రసిద్ధమైన రివాల్వరు. ప్రజలు దానికి పీస్‌మేకర్ అని, అనగా శాంతిని నెలకొల్పునదని, పేరుపెట్టిరి. అమెరికా సైన్యము దానిని స్వీకరించి 1892 వఱకు వాడినది. అశ్వికదళమునకు ఏడున్నర అంగుళముల గొట్టము. ఫిరంగిదళమువారి కొఱకు ఐదున్నర అంగుళములకు కుదించిరి. పౌరులు నడుమున ధరించుటకు నాలుగు ముప్పాతిక అంగుళములది ప్రచారములోనికి వచ్చినది. నేటి పోటీలలోను ఈ మూడు కొలతలే ఎక్కువగా కనబడుచున్నవి.

ఇక్కడ ధరను గూర్చి కొంచెము నిలిచి చెప్పవలెను. ఆ కాలపు రివాల్వరు వెల సుమారు పదునేడు డాలర్లు. పశువుల మందలను ఉత్తరపు రైలుస్టేషనులకు తోలుకొనిపోవు కాపరికి నెలజీతము ముప్పది డాలర్లకు అటునిటుగా నుండెడిది. అనగా నడుమున ఒక కోల్టు కట్టుకొనుటకు సగము నెల జీతమునకు పైగా వెచ్చింపవలసినదే. చలనచిత్రములలో ప్రతి కాపరి నడుమునను రెండేసి కోల్టులు వ్రేలాడుట చూచి అది చరిత్రయని నమ్మరాదు. బెల్జియములోని లియేజ్ నగరపు పనివారు కోల్టు రివాల్వరులకు ప్రతులు చేసి అమ్మిరి. వారిలో కొందఱు కోల్టు అనుమతితోనే చేసినవారు. అమెరికాలో సైతము చౌకబారు చిన్న రివాల్వరులు కుప్పతెప్పలుగా దొరకుచుండెను. అసలు, నకలు, ఖరీదైనది, అందుబాటులోనున్నది అను విచికిత్స మన మేనల్లునితో పుట్టినది కాదు. నూటయేబది యేండ్ల క్రిందటి కాపరియు అంగడిలో నిలిచి ఇట్లే ఆలోచించియుండును. వించెస్టరువారి 1873 రైఫిలు వాడు .44-40 తూటానే తన రివాల్వరునకును పనికివచ్చునట్లు కోల్టు సంస్థ కొలది సంవత్సరములకే చేసినదనగా, అందులోను ఈ మితవ్యయమే కలదు: ఒక తూటాల పెట్టె కొన్నచో రెండాయుధములకును సరిపోవును.

మేనల్లుడు బల్లపైనున్న రఫ్ రైడరును చేతికి తీసికొని, గొట్టమును గోడవైపు త్రిప్పి, సుత్తిని మెల్లగా వెనుకకు లాగుచు నన్ను వినుమనెను. సుత్తి లేచుచుండ నడుమ నడుమ టక్కుటక్కుమని సన్నని ధ్వనులు వినవచ్చినవి. కోల్టులో నివి సరిగా నాలుగనియు, ఆ పేరులోని నాలుగు ఇంగ్లీషు అక్షరములను ఆయుధమే ఉచ్చరించుచున్నదనియు అభిమానులు చెప్పుకొందురట. మొదటి గంటు భద్రత కొఱకు. రెండవది సుత్తిని సగములో నిలిపి సిలిండరును స్వేచ్ఛగా తిరుగనిచ్చునది, తూటాలను నింపుట ఈ స్థితిలోనే. కడపటిది పేల్చుటకు సిద్ధమైన స్థితి. మొదటి గంటు పేరునకే భద్రతగాని, నేలపై పడినచో సుత్తి జాఱి క్రింది తూటా పేలు ప్రమాదము కలదు. అందువలన అనుభవజ్ఞులు ఆరు గదులలో ఐదింటినే నింపి, సుత్తి క్రింది గదిని ఖాళీగా నుంచెడివారు. నింపు విధము సులభము: ఒక తూటా పెట్టి, ఒక గది విడిచి, నాలుగు తూటాలు వరుసగా పెట్టి, సుత్తిని పూర్తిగా లాగి మెల్లగా దించినచో ఖాళీ గది తనంత తాను దాని క్రిందికి వచ్చును. ఈ లెక్కను మేనల్లుడు ఒక్క తూటాయైనను లేని సిలిండరును చేతితో త్రిప్పుచు రెండుమార్లు చూపినాడు. గదులను లెక్కించుచున్న అతని పెదవులు, చిన్ననాడు ఎక్కములు వల్లించునప్పటివలెనే కదలుచుండినవి.

కోల్టు సింగిల్ యాక్షన్ దాదాపు ఏడు దశాబ్దులు తయారై, మూడు లక్షల యేబదివేలకు పైగా అమ్ముడుపోయి, 1940–41 ప్రాంతమున ఆగిపోయినది. యుద్ధము వచ్చినది, యంత్రములు పాతబడినవి, కొనువారు లేరు. యుద్ధానంతరము దానిని మరల చేయు ఆలోచన లేదని సంస్థవారు తలంచిరి. అచ్చటితో కథ ముగియవలసినదే. కాని టెలివిజను పెట్టె ఇంటింటను వెలసి, సాయంకాలమైనచో కౌబాయ్ కథలు ప్రసారము కాజొచ్చినవి. పెద్దలు పిన్నలు ఆ రివాల్వరును కోరుకొనసాగిరి. కాలిఫోర్నియాలోని నాట్స్ బెర్రీ ఫార్మ్ అను వినోదోద్యానమున రైలుదోపిడి నాటకములో దొంగవేషము వేయు డీ వూలెమ్, రైలుకు రైలుకు నడుమ దొరకు తీరికలో ఒరనుండి రివాల్వరును మెఱుపువలె దూయుట సాధనచేసి, దానినొక పోటీక్రీడగా ప్రచారములోనికి తెచ్చినాడు. కొనవచ్చినవారికి పాత కోల్టులు దొరకవు. దొరకినను సేకరణకర్తలు వెల పెంచివేసిరి.

ఈ వెలితిని పూరించుటకు ముందుకువచ్చినది కోల్టు కాదు. లాస్ ఏంజెలెస్‌లో 1954లో గ్రేట్ వెస్టర్న్ ఆర్మ్స్ అను సంస్థ కోల్టునకు ప్రతులను చేసి అమ్మసాగినది. కనెక్టికట్ రాష్ట్రమున 1949లో సంస్థ నారంభించిన విలియమ్ రూగర్ అంతకుముందే, 1953లో, సింగిల్ సిక్స్ అను .22 రివాల్వరును, 1955లో బ్లాక్‌హాక్ అను పెద్దదానిని వెలువరించెను. రూగర్ చేసినది ప్రతి కాదు, పునర్నిర్మాణము. కోల్టు గర్భములోనున్న పలుచని ఆకు స్ప్రింగులు తఱచుగా విఱుగునవి. ముఖ్యముగా సిలిండరును త్రిప్పు చేతికీలు వెనుకనున్న సన్నని స్ప్రింగు, మీటను అడ్డుకీలును కలిపి నొక్కు రెండుకాళ్ళ స్ప్రింగు. రూగర్ వానిని తీసివేసి, ఉక్కు తీగను చుట్టి చేసిన స్ప్రింగులను పెట్టెను. అవి ఏండ్ల తరబడి నొక్కినను అలయవు. లోహమును కరిగించి మైనపు నమూనాల అచ్చులలో పోయు పద్ధతిని సంస్థ అవలంబించినందున చెక్కుడుపని తగ్గి ధర తగ్గినది. 1956లో కోల్టు సంస్థ తన పాత రివాల్వరును మరల అంగడికి తెచ్చినప్పుడు దాని వెల 125 డాలర్లు. బ్లాక్‌హాక్ 87 డాలర్ల 50 సెంట్లకు దొరకుచుండెను. నా యభిప్రాయమున కోల్టును మరల బ్రతికించినవారు ఈ పోటీదారులే. చౌకగా చేసి అమ్మినవారు లేకున్నచో, కోరువారు ఇందఱున్నారని హార్ట్‌ఫర్డువారికి తెలియజెప్పువారెవ్వరు?

రూగర్ వంశమున మఱియొక మార్పు 1973లో జరిగినది. ఆరు గదులును నింపుకొని తిరుగువారు రివాల్వరును జాఱవిడిచి గాయపడుచుండుటవలన, సుత్తికిని తూటాకును నడుమ ఒక చిన్న ఉక్కుపట్టీని పెట్టిరి. మీట వెనుకకు నొక్కియున్నప్పుడు మాత్రమే ఆ పట్టీ పైకిలేచి సుత్తిదెబ్బను ముందుకు అందించును. మీట వదలినచో అది దిగిపోయి సుత్తి ఎంత గట్టిగా కొట్టుకొన్నను తూటాకు తగులదు. దానితోబాటు సగము గంటు అంతరించినది. ఈ క్రొత్త రూగరులో తూటాలు నింపుటకు సుత్తిని ముట్టనక్కఱలేదు. ప్రక్కనున్న చిన్న తలుపును తెఱచినంతనే సిలిండరు వదులై తిరుగును. మేనల్లుని బల్లపైనున్న రాంగ్లర్ ఈ శాఖకు చెందినది. 2019లో 249 డాలర్ల ముద్రితధరతో అది వెలువడినది. రఫ్ రైడరో, కోల్టు శాఖవలె సుత్తిని సగము గంటున నిలిపి నింపుకొనునది. ఎడమప్రక్కన అదనముగా ఒక భద్రతామీట కలది. రెండువందల డాలర్లకు లోపుననే దొరకునది. ఈ శాఖాభేదమే ప్రశ్నకు సమాధానమని పాఠకులు గ్రహించియుందురు. కాని ఇటలీ లేనిదే ఈ వంశకథ పూర్తికాదు.

ఉత్తర ఇటలీలో బ్రెషియా నగరమునకు పైన, మెల్లా నది పాఱు ట్రోంపియా లోయ కలదు. కొండలలో ఇనుపరాయి, వాలుననున్న అడవులలో బొగ్గునకు కఱ్ఱ, కొలిమితిత్తులను సమ్మెటలను నడుపుటకు నదీజలము: ఈ మూడింటి కూడలియందు గార్డోనే అను ఊరు తుపాకిపనికి పుట్టినిల్లైనది. 1526 అక్టోబరు 3వ తేదీన బార్తొలొమేయో బెరెట్టా అను పనివాడు వెనిస్ ఆయుధశాలకు 185 తుపాకి గొట్టములు చేసియిచ్చి 296 డకాట్లు పుచ్చుకొన్నట్లు లెక్కల కాగితము నేటికిని నిలిచియున్నది. ఒకరు గొట్టములు తొలుచుట, ఒకరు కీలు చేయుట, ఒకరు కొయ్యచెక్కుట, ఒకరు మెఱుగుపెట్టుట, ఇట్లు పని విభజించుకొని తండ్రి కొడుకునకు అప్పగించుచు వచ్చిన ఊరది. వెనిస్ గణతంత్రము అంతరించినది, నెపోలియను వచ్చి పోయినాడు, ఆస్ట్రియావారు పాలించి పోయిరి. ఆ లోయలో సమ్మెట చప్పుడు మాత్రము ఆగలేదు. తయారైన ప్రతి తుపాకిని మితిమించిన మందుతో పేల్చి పరీక్షించి ముద్రవేయు ప్రభుత్వ పరీక్షాలయము 1910లో అచ్చట ఏర్పడినది. ఇటలీ రివాల్వరు దేనినైనను త్రిప్పి చూచినచో ఆ ముద్రలు కనబడును. చిన్న చతురస్రములోని రెండక్షరములు పరీక్ష జరిగిన సంవత్సరమును తెలుపును.

1950 దశకము చివర, అమెరికా అంతర్యుద్ధమునకు నూరేండ్లు నిండబోవుచుండగా, న్యూజెర్సీ వర్తకుడు వాల్ ఫోర్జెట్ ఆ లోయకు పోయి, 1851 నాటి మందుకూరెడి కోల్టు నేవీ రివాల్వరునకు ప్రతులు చేసియిత్తురా యని యడిగెను. శతజయంతికి పాతకాలపు సైనికవేషములు ధరించి యుద్ధములను అభినయించువారు వేలకొలదిగా నుందురనియు, వారెవ్వరును నిజమైన ప్రాచీన వస్తువులను పొగచూరనీయరనియు అతడు ఊహించినది అక్షరాల నిజమైనది. ఆల్డో ఉబెర్టి 1959లో గార్డోనేలో స్థాపించిన కర్మాగారము ఈ పనితోనే పేరొందినది. సమీపముననే పెదెర్సోలి, పియెట్టా కుటుంబములవారును ఈ వృత్తిని చేపట్టిరి. మందుకూరెడి రివాల్వరులపై చేయి తిరిగినవారికి 1873 కోల్టునకు ప్రతి చేయుట కష్టముకాలేదు. అమెరికాలో 1968లో తుపాకుల చట్టము కఠినమై దిగుమతులకు భద్రతానిబంధనలు వచ్చినప్పుడు, రూపము చెడకుండ వారొక యుక్తి చేసిరి. సిలిండరు ఇరుసుకు రెండవ గంటు నొకదానిని కల్పించిరి. ఇరుసును మఱికొంత లోనికి నెట్టినచో దాని కొన సుత్తికి అడ్డుపడి పూర్తిగా దిగనీయదు. ఇది తెలియక, క్రొత్తగా కొన్న రివాల్వరు పేలుటలేదని దిగులుపడి దుకాణమునకు మోసికొనిపోవువారు కలరని మేనల్లుడు చెప్పెను.

అదే కాలమున ఇటలీ దర్శకులు అమెరికా కథలను తమ కెమెరాలతో తీయసాగిరి. 1964లో సెర్జియో లియోనె ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’ తీసెను. స్పెయిన్‌లోని ఆల్మెరియా ఎడారి టెక్సాసు సరిహద్దైనది. గార్డోనే పనివారి ప్రతులు నటుల చేతికెక్కినవి. ఆ గాలి మన తెలుగుదేశము వఱకు వీచినది. 1971లో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వమున, ఆరుద్ర రచనతో, కృష్ణ కథానాయకుడుగా పద్మాలయా సంస్థ తీసిన ‘మోసగాళ్ళకు మోసగాడు’ ఆ ఇటలీ చిత్రముల ఒరవడిలో వచ్చినదే. టోపీ పెట్టి గుఱ్ఱమెక్కి నడుమున రివాల్వరు కట్టిన తెలుగు కథానాయకుని మా తరమువారు నేలతరగతిలో కూర్చుండి ఈలలు వేయుచు చూచినాము. మేనల్లునికి ఈ క్రీడపై మోజెట్లు కలిగినదని నేనడుగలేదు. వాని తండ్రి ఆ చిత్రమును పదునొకండుమార్లు చూచినాడని నాకు తెలియును.

కౌబాయ్ యాక్షన్ షూటింగ్ క్రీడగా రూపొందినది దక్షిణ కాలిఫోర్నియాలో, 1980 దశకారంభమున. పాశ్చాత్యచిత్రములను ప్రేమించు కొందఱు మిత్రులు, ఆధునికాయుధముల పోటీలతో విసుగుచెంది, పాత తుపాకులతో పాత వేషములతో పోటీ జరుపుకొనిరి. 1982లో ఎండ్ ఆఫ్ ట్రెయిల్ అను వార్షికోత్సవము మొదలైనది. 1987లో సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీ ఏర్పడినది. ప్రతి సభ్యుడును పందొమ్మిదవ శతాబ్దికి తగిన మాఱుపేరు నొకదానిని పెట్టుకొనవలెను; ఒకరి పేరును మఱియొకరు పెట్టుకొనరాదు. రెండు సింగిల్ యాక్షన్ రివాల్వరులు, మీటను క్రిందికి త్రోసి తూటా మార్చు రైఫిలొకటి, పాతరకపు షాట్‌గన్నొకటి వెంటనుండవలెను. ఉక్కు పలకలు దగ్గఱనే నిలిపియుండును. ఎంత తొందరగా కొట్టితివనునది లెక్క. తప్పిన ప్రతి గుండునకు ఐదు సెకండులు కలుపుదురు. రివాల్వరులు రెండును ఐదేసి తూటాలతోనే నింపవలెను. క్రొత్త రూగరులో ఆరును నింపినను ప్రమాదము లేదని తయారుచేసినవారు చెప్పినను సరే, ఈ నియమము అందఱికిని ఒక్కటే. పాతకాలపు కాపరి జాగ్రత్త ఇట్లు క్రీడాశాస్త్రమైనది.

పెద్దల పోటీలో .22 రివాల్వరు చెల్లదు, కనీసము .32 పరిమాణముగల, నడుమ రంజకముండు తూటాయే వాడవలెను; .22 బాలబాలికల వర్గమునకు మాత్రమే అనుమతింపబడినది. ఆ కారణముననే కొందఱు అనుభవజ్ఞులు .22 కొనుట వృథావ్యయమనియు, ఆ సొమ్మును .38 తూటాలకు వెచ్చింపుమనియు చెప్పుదురు. వారి మాటను నేను త్రోసివేయను. .357 రివాల్వరు .38 తూటాలను స్వీకరించును. అదే తూటా రైఫిలునకును పనికివచ్చును. ఇంటియొద్దనే తూటాలను మరల నింపుకొనువారికి ఖర్చు మఱింత తగ్గును. కాని క్రొత్తవానికి కావలసినది మొదట గుఱి కాదు, గతి: ఒరనుండి తీయుట, బొటనవ్రేలితో లాగుట, మీట నొక్కుట, మరల లాగుట, ఐదవదాని తరువాత ఆగుట. ఇది వేలమార్లు చేయవలెను. వేలమార్లు చేయుటకు .22 తూటాకు మించిన చౌకది లేదు.

ఇక నా తీర్పు. మేనల్లుడు పోటీకి కొనదలచినవి ఇటలీ ప్రతులు. అనగా కోల్టు శాఖకు చెందినవి. సుత్తిని సగము గంటున నిలిపి, ఒకటి పెట్టి, ఒకటి విడిచి, నాలుగు పెట్టి, పూర్తిగా లాగి దించు క్రమమును వాని చేయి నేర్వవలెను. ఆ క్రమము రఫ్ రైడరులో నున్నది, రాంగ్లరులో లేదు. కనుక వానికి రఫ్ రైడరే తగును. అదే, పోటీకి రూగరువారి న్యూ వాకేరో అను రివాల్వరును కొనువాడైనచో నేను రాంగ్లరునే తీసికొమ్మందును. స్ప్రింగుల మన్నికలోను, భద్రతలోను రాంగ్లరుదే పైచేయి. రఫ్ రైడరులోని ఆ అదనపు భద్రతామీట నాకు నచ్చలేదు, ఏలయన పోటీ రివాల్వరులో లేని ఒక పనిని అది చేతికి నేర్పును. దానిని ఎప్పుడును తీసియే యుంచుకొనవలసినదని వానికి చెప్పితిని. అయినను సాధనాయుధమును ఎన్నుకొనునప్పుడు చూడవలసినది ఏది మేలైనదని కాదు, ఏది పోటీదానికి సగోత్రమని.

తూటాలు లేకుండ ఇంటిలో సాధన చేయువిధమునుగూడ అతడు నాకు చూపెను. .22 తూటాలో రంజకము అంచున నుండును. సుత్తిముల్లు గది అంచునే కొట్టును. కనుక ఖాళీ గదిపై ఊరక కొట్టించినచో ఉక్కు అంచులు నలిగి తూటా దూఱదు. గోడకు మరమేకు బిగించునప్పుడు రంధ్రములో దూర్చు పసుపుపచ్చని ప్లాస్టిక్ గొట్టములను ఆరింటిని అతడు గదులలో పెట్టి, ముల్లుదెబ్బలను వానిపై పడనిచ్చుచుండెను. కొన్నిటి అంచున ముల్లు గుర్తులు చుట్టును గీతలవలె పడియున్నవి. డబ్బాడు గొట్టముల వెల కూలివాని ఒకపూట కాఫీకైనను సరిపోదు.

భారతదేశమున 1959 ఆయుధచట్టము క్రింద అనుమతిపత్రము లేనిదే ఇట్టివానిని ఉంచుకొన వీలులేదు. కావున ఈ మాటలు అమెరికాలో స్థిరపడి ఈ క్రీడయందు ఆసక్తిగొన్న మన తెలుగువారినుద్దేశించి చెప్పుచున్నాను. కొనుటకు ముందు యజమాని అనుమతితో, ఖాళీ రివాల్వరు సుత్తిని ఆరుమార్లు మెల్లమెల్లగా లాగి చూడుడు. సుత్తి పూర్తిగా నిలుచునప్పటికి సిలిండరు ప్రతి గదియొద్దను గట్టిగా బిగిసినచో యంత్రము సరిగా నున్నది. ఒక్క గదియొద్దనైనను వ్రేలితో మఱికొంత త్రిప్పవలసివచ్చినచో ధర ఎంత తక్కువైనను వదలివేయుడు. కొన్న పిదప పిల్లలున్న యింట దానిని తాళమువేసిన పెట్టెలో నుంచుడు. తూటాల పెట్టెకు వేఱొక తాళము వేయుడు. మా మేనల్లుడు రఫ్ రైడరునే కొనినాడు. దానితో ఎనిమిది మాసములు సాధనచేసి, నిరుడు సంక్రాంతి నెలలో ఇటలీ రివాల్వరుల జతను తెచ్చుకొన్నాడు, చౌకదానిని అమ్మలేదు.